బీడు అని రాసినవాణ్ణి నేనే

నాగులచవితి నాడు మా ఆవిడ నా చెవులకు మన్ను పెడుతుంది. పుట్టలో పాలు పోశాక, తడిసిన మన్ను చిటికెడు తీసి రెండు చెవులకూ అద్దుతుంది. చెవిపోటు రాదంటుంది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్ పనికి బిలాస్‌పూర్ వచ్చినప్పుడు ట్రంకుపెట్టెతో పాటు తెచ్చుకున్న ఆచారం ఇది. మూడు తరాలయింది. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు, పోట్లాటకు దిగితే హిందీలోకి వెళ్ళిపోతారు. చెవులకు మన్ను మాత్రం ఎవరూ మానలేదు.

చిక్కల్లా పుట్ట దగ్గరే. రైల్వే కాలనీలో పుట్ట లేస్తే ఇంజనీరింగ్ వాళ్ళు వచ్చి చదును చేసి, సున్నం చల్లి, రిజిస్టర్‌లో రాసుకుని పోతారు. అందుకని మా అమ్మ కాలంలో ఆడవాళ్ళంతా పాలచెంబులు పట్టుకుని ఊరి చివర తోర్వా పేట దాటి పొలాల్లోకి వెళ్ళారు. అక్కడ ఒక వరిపొలం మధ్యలో నడుమెత్తు పుట్ట కనబడింది. ఇంకేముంది, కోతకొచ్చిన వరిని పట్టుచీరలతో తొక్కుకుంటూ వెళ్ళి పూజ చేసేశారు. దీపావళికి మిగిలిన టపాకాయలు కూడా అక్కడే కాల్చారు.

ఆ పొలం ఆసామి ఛత్తీస్‌గఢీ రైతు. మా తాత ఊళ్ళో అయితే కర్ర తీసుకుని వచ్చేవాడు. ఈయన చూస్తూ నిలబడ్డాడట. మరుసటి ఏడు వెళ్ళేసరికి పుట్ట చుట్టూ ఒక గదంత నేల దున్నకుండా వదిలి ఉంది. రోడ్డు మీంచి పుట్టదాకా మనిషి పట్టేంత దారి కూడా వదిలాడు. ఆయన పోయాక కొడుకూ అలాగే వదులుతూ వచ్చాడు. కొడుకుది నా వయసే. ఎందుకు వదులుతున్నావని ఒకసారి అడిగాను. “అక్కాచెల్లెళ్ళు వస్తారు కదా” అన్నాడు. అతను మాట్లాడేది ఛత్తీస్‌గఢీ, నేను తెలుగులో చెబుతున్నాను. నలభై ఏళ్ళలో మేం అతనికి ఇచ్చింది ఏడాదికి నాలుగు చిమ్మిలి ఉండలు.

ఇక నా సంగతి. నేను డివిజన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాల మీద గుమాస్తాగా రిటైరయ్యాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే, డ్రాఫ్టు రాయడం. ఏ విషయమైనా సరే, పైవాళ్ళు చదివి సంతకం పెట్టేటట్టు రాసివ్వగలను. రైల్వేవాడికి క్వార్టర్ ఉంటుంది గాని ఇల్లుండదు. ముప్ఫై ఏళ్ళు మా ఆవిడ మా ముందు వాళ్ళు కొట్టిన మేకులకే క్యాలెండర్లు తగిలించింది. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి తోర్వాలో మేడమీద వాటా అద్దెకు తీసుకున్నాం. ఇంటివాళ్ళు పొద్దున్న ఏడింటికి మోటారు కట్టేస్తారు. గోడకు మేకు కొట్టాలంటే కిందికి దిగి అడగాలి. “నాకు మేడలొద్దండీ, నా గోడకి నాను మేకు కొట్టుకునే ఇల్లొకటి సాలు” అనేది మా ఆవిడ. పదేపదే అనేది కాదు. పండగలకు అనేది.

అంచేత రిటైరయిన వాళ్ళు కొందరు హౌసింగ్ సొసైటీ పెడితే నేనూ చేరాను. తోర్వా అవతల పొలాలను కలిపి పెద్ద కాలనీ వేస్తారన్నారు. ప్లాను గోడకు అంటించారు. పార్కు, రెండు రోడ్లు, గుడి, వాకింగ్ ట్రాక్. మేం వెళ్ళి మా ప్లాటు వేలితో చూసుకుని వచ్చాం. మా ఆవిడ ఆ చిన్న చతురస్రంలో వంటింటి కిటికీ ఎటు వైపో కూడా చెప్పింది.

నిబంధన ఒకటి అడ్డొచ్చింది. పండే పొలాన్ని, వాననీళ్ళు నిలిచే పల్లాన్ని పథకంలోంచి వదిలెయ్యాలి. బీడయితే తీసుకోవచ్చు. చుట్టుపక్కల వాళ్ళు చాలామంది ఒప్పుకున్నారు. పుట్ట ఉన్న పొలం రైతు ఒప్పుకోలేదు. ఆ పొలం సరిగ్గా పెద్ద రోడ్డు వెళ్ళాల్సిన చోట ఉంది.

సొసైటీ సెక్రటరీ మనవాడే. రిటైర్డ్ డ్రైవరు, వరసకు నన్ను బావగారంటాడు. ఒకరోజు సాయంత్రం జిలేబీ పొట్లంతో వచ్చాడు.

“బావగారూ, ఆ పుట్ట కాడ జాగా దున్నరు కదా. నలభై ఏళ్ళనించీ మన ఆడోళ్ళు ఎల్తన్నారు కదా. అదే రాసీండి. అబద్ధం ఏటుంది?”

“అది గదంత ముక్కేనోయ్.”

“ఎంత ముక్కని వాళ్ళడిగినప్పుడు సెబుదాం. మీ సెయ్యి పడితే తిరుగుండదు బావగారూ.”

పొగిడితే పడిపోతానని వాడికి తెలుసు. రాశాను. హిందీలో రాసిందాని సారం ఇది: సదరు భూమి నలభై సంవత్సరాలుగా సాగుకు నోచుకోక, స్థానిక మహిళల ధార్మిక అవసరాలకు బహిరంగ స్థలముగా వాడుకలో ఉన్నది, కావున బీడుగా పరిగణింపదగినది. గదంత ముక్క గురించి నాకు తెలిసిన సంగతిని మొత్తం పొలానికి పూసేశాను. రాసేటప్పుడే తెలుసు. పైగా ఆ ‘కావున’ దగ్గర ఆగి, హిందీలో అది ‘అతః’, బాగా కుదిరిందని సంతోషించాను. సభ్యులంతా సంతకాలు పెట్టారు. రైల్వేవాళ్ళం కదా, సంతకం ఎక్కడ అని అడిగారే గాని దేనికి అని ఒక్కరూ అడగలేదు. మా ఆవిడకు చెప్పలేదు. ఆఫీసు కాగితాలు ఇంట్లో చెప్పే అలవాటు నాకు లేదు.

తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఒక స్కూలు మైదానంలో షామియానా, కుర్చీలు, నీళ్ళ పొట్లాలు, మనిషికి రెండు సమోసాలు. నేనూ మా ఆవిడా మూడో వరసలో కూర్చున్నాం. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడ లేచి, ఆ పొలమున్న పల్లంలో నిలిచే నీళ్ళే భూమిలోకి దిగి మన బోర్లలోకి వస్తున్నాయని, దాన్ని పూడిస్తే వేసవిలో బోర్లూ ఎండుతాయి, కొంగలూ రావని చెప్పింది. సదర్ బజార్ వ్యాపారి ఒకాయన లేచి, ఊరు పెరుగుతోంది, మా పిల్లలు కొంగల రెక్కల కింద కాపురం పెట్టాలా అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉన్నట్టే అనిపించింది. సమోసా మాత్రం చల్లారిపోయింది.

చివరికి మా రైతును పిలిచారు. మైకు ఎత్తు సరిచెయ్యడానికే కొంతసేపు పట్టింది.

“నేను పండిస్తున్నాను సాబ్. వానాకాలం మోకాలిదాకా నీళ్ళుంటాయి. వరికి అవే కావాలి” అన్నాడు.

అధికారి కాగితాలు తిరగేసి, నా డ్రాఫ్టు తీసి, గట్టిగా చదివాడు. అతను బాగా చదివాడు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. రైతు తల వంచుకుని విన్నాడు.

“ఆ ముక్క వీళ్ళ పూజ కోసమే వదిలాను సాబ్” అన్నాడు.

“అంటే దున్నకుండా వదిలిన మాట నిజమేనా?”

“నిజమే.”

అధికారి రాసుకున్నాడు. రైతు మైకుకు దణ్ణం పెట్టి వెళ్ళి కూర్చున్నాడు. ఆ క్షణంలో నేను లేవాల్సింది. చేతిలో సమోసా ఉంది. లేవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్వే గేటు పడింది. బొగ్గు గూడ్సు వెళ్తోంది. మా ఊళ్ళో బొగ్గు గూడ్సంటే ఒక సంసారం గొడవ మొత్తం పూర్తిచేసుకునేంత పొడుగు. స్కూటర్ ఇంజను కట్టేశాను.

“ఆ కాయితం మీరే రాసీసారు కదూ?” అంది వెనకనుంచి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పెళ్ళాం పట్టేస్తుంది.

“నీకెలా తెలుసు?”

“సరుకుల సీటీలో కూడా ‘అతః’ అని రాసే మనిషి ఈ ఊళ్ళో ఇంకెవడున్నాడండీ?”

నేను పెట్టెలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

“మన కోసరం దారొగ్గీసినోడికా మీరిది సేసింది? తిన్నింటి వాసాలు లెక్కెట్టడం అంటే ఏటో అనుకునేదాన్ని. ఇదే అన్నమాట.”

“ఇల్లు కావాలన్నది నువ్వే కదా” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

గూడ్సు సగం పైగా వెళ్ళిపోయింది. “ఇల్లు కావాలన్నాను. అతని పొలంలో కావాలన్నానా?” అంది. గేటు లేచింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు.

మూడు రోజులు వేళకు అన్నం పెట్టింది, మాట్లాడలేదు. నాలుగో రోజున నేను ఇంకో కాగితం రాశాను. మొదటి కాగితం రాసింది నేనేనని, అందులోని సంగతి గదంత ముక్కకే వర్తిస్తుందని, మిగతాదంతా ఏటా వరి పండే పొలమని. అది తీసుకుని ఆ రోజు కాగితం చదివిన అధికారి ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

“ఒకటే దస్తూరీ. ఇందులో ఏది నిజం బాబూజీ?”

“రెండోది.”

“మొదటిదాని మీద పేజీ నిండా సంతకాలున్నాయి. దీని మీద మీదొక్కటే ఉంది.”

“అవును.”

“అచ్ఛా” అని ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు. వానలు వెళ్ళాక పట్వారీ, అంటే మన కరణంలాంటివాడు, పై అధికారులతో వచ్చి పొలం చూస్తాడని, అప్పుడు కంటికి ఏది కనబడితే అదే రాస్తారని చెప్పాడు.

సాయంత్రానికల్లా సెక్రటరీ ఫోను. “ఏటి బావగారూ, కూకున్న కొమ్మ నరికీసుకుంటారా ఎవరైనా?” సొసైటీలోంచి నా పేరు తీసేశారు. గోడమీద మా చతురస్రం ఇంకెవరిదో అయింది. మా ఆవిడకు చెబితే, “సర్లెండి” అని టీ పెట్టింది. కప్పు నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

రైతు దగ్గరికి కూడా వెళ్ళాను. గట్టుమీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు చదివిన కాగితం రాసింది నేనే అని చెప్పాను. తిడతాడని గుండె రాయి చేసుకుని వెళ్ళాను. అతను గట్టుమీద కొంచెం పక్కకు జరిగి, “చాయ్ తాగుతారా?” అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చాయ్ తాగి వచ్చేశాను.

వానలు పడ్డాయి. ఆ నెలల్లో నేను అటువైపు వెళ్ళలేదు. దీపావళి వెళ్ళింది, చవితి వచ్చింది. మా ఆవిడ స్టీలు క్యానులో పాలు, డబ్బాలో చిమ్మిలి, చలిమిడి, సంచిలో నాలుగు మతాబులు పెట్టుకుంది. రెండు రోజుల్లో బీహారువాళ్ళ ఛఠ్ పండగ, నది దారంతా షామియానాల బళ్ళే. వాటి మధ్యలోంచి తోర్వా దాటి పొలం దగ్గర స్కూటర్ ఆపాను.

దారి లేదు. రోడ్డు అంచునుంచీ వరే. గట్టు చుట్టూ తిరిగి వెళ్ళాం. అప్పటికే మనవాళ్ళు అయిదారుగురు పాలచెంబులతో నిలబడి ఉన్నారు. పుట్ట ఉండాల్సిన చోట పుట్ట లేదు. అక్కడా వరే ఉంది. కంకులు వంగి, మిగతా పొలంతో సమంగా, ఏ తేడా లేకుండా ఉంది.

రైతు కొడవలి గట్టుమీద పెట్టి వచ్చాడు. నన్ను చూడలేదు. మా ఆవిడకు చేతులు జోడించాడు.

“క్షమించు దీదీ. వచ్చే వారం సాబ్‌లు చూడ్డానికి వస్తారు. ఖాళీ కనబడకూడదు. వదిలితే మళ్ళీ రాస్తారు.”

ఎవరు రాస్తారో చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

“తవ్వడానికి ముందురోజు వచ్చి నాగదేవతకు చెప్పాను దీదీ. రేపు తవ్వుతాను, లోపల ఉంటే వెళ్ళిపో అని. మళ్ళీ పొద్దున కూడా చెప్పాను. మా నాన్న ఉంటే నన్ను తవ్వనిచ్చేవాడు కాదు.”

“ఎక్కడుండేది?” అని మా ఆవిడ హిందీలో అడిగింది. అతను గట్టు మీంచి అడుగులు వేసి, ఒక దుబ్బు ముందు ఆగి చూపించాడు. ఆవిడ చెప్పులు విడిచి దిగింది. ఒక్క కంకీ విరగకుండా పక్కకు జరిపి, ఆ దుబ్బు మొదల్లో పాలు పోసింది. మిగతా ఆడవాళ్ళూ ఒకరి వెనక ఒకరు వచ్చి పోశారు. తర్వాత మా ఆవిడ మన్ను తీసింది. తన చెవులకు చిటికెడు అద్దుకుంది. నా దగ్గరికి వచ్చి, పిడికెడు తెచ్చి, రెండు చెవులకూ దట్టంగా మెత్తింది. చల్లటి బురద మెడమీదకు కారింది.

“ఏటే, అంత?” అన్నాను.

“ఉండనీండి. మీకు సాలదు” అంది. కళ్ళు తుడుచుకుంది, ఆ బురద చేత్తోనే.

చిమ్మిలి డబ్బా రైతుకు ఇచ్చింది. ఎప్పటిలాగే తీసుకున్నాడు. అప్పుడు మొదటిసారి నావైపు చూశాడు.

“సాబ్, మీరు బాగా రాస్తారు. ఇక్కడ వరి ఉందని ఒక కాగితం రాసిస్తారా? వాళ్ళు వచ్చినప్పుడు చూపిస్తాను.”

స్కూటర్ డిక్కీలో కాగితం ఉంది. సీటు మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. సదరు భూమిలో వరి సాగులో ఉన్నది, నేను కళ్ళారా చూశాను. ఆ తర్వాత కలం ఆగింది.

“ఎంత మేర అని రాయను?” అని అడిగాను.

“మొత్తం సాబ్. ఈసారి ముక్క కూడా వదల్లేదు” అన్నాడు.

మొత్తం అని రాశాను.