ఒకటో తారీఖు నొప్పి

మా వర్క్‌షాపులో అందరూ ఆమెను సీఐడీ అక్క అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది! స్కూళ్లకూ కాలేజీలకూ మేం శరీర భాగాల బొమ్మలు చేసి పంపుతాం. నేను ప్లాస్టర్ కలిపి అచ్చుల్లో పోస్తాను, ఆమె రంగులు వేస్తుంది. నేను పోసిన ప్రతి గర్భసంచినీ వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, నా మొహం చూసి, మళ్లీ తడుతుంది. లోపల గాలిబుడగ ఉండే ఉంటుందని ఆమె గట్టి నమ్మకం. చాలాసార్లు ఉండేది కూడా, అదే నా ఏడుపు.

చిన్నప్పుడు ఆమెను నాలుగు రోజులని చెప్పి అమ్మమ్మ ఇంటికి పంపి, నాలుగేళ్లు అక్కడే ఉంచేశారట. అప్పటి నుంచి ఎవరి మాటా ఊరికే నమ్మదు. భర్త బస్సు డ్రైవరు. దారిలో టైరు మార్చాల్సి వచ్చి ఆలస్యమైందని పాపం ఆయన అంటే, ముందు ఆయన గోళ్లలో మట్టి ఉందో లేదో చూస్తుంది. ఆ తర్వాతే మంచినీళ్లు ఇస్తుంది. ఇక పదహారేళ్ల ఒక్కగానొక్క కూతురి సంగతి చెప్పాలా? ఆ పిల్ల మీద కళ్లల్లో వత్తులు వేసుకుని కాపలా.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగింది.

“ఏమే, నీకు నెలసరి ఏ తారీఖున వస్తుంది?”

“తారీఖేంటక్కా! ఒకసారి ముందొస్తుంది, ఒకసారి వెనకొస్తుంది.”

“కదా! మా పిల్లకి సరిగ్గా ఒకటో తారీఖునే వస్తోందే, జీతంలాగా. కడుపు పట్టుకుని పడుకుంటుంది. ప్యాడ్ల ప్యాకెట్లు అయిపోతున్నాయి. చెత్తబుట్టలో చూస్తే ఏమీ ఉండదు.”

“చెత్తబుట్ట కూడా చూస్తావా?”

“చూడక?” అని గొంతు తగ్గించింది. “రావడం ఆగిపోయి ఉంటుంది. నాకు తెలియకుండా నాటకమాడుతోంది. ఎవడో ఉన్నాడే.”

ఆ పిల్ల నాకు బాగా తెలుసు, అలాంటిది కాదు. కానీ అనుమానం అంటురోగం. సాయంత్రం తల్లి కోసం ఆ పిల్ల వర్క్‌షాపుకు వస్తే నా చూపు కూడా తిన్నగా కడుపు మీదికే పోయింది. ఛీ అనిపించింది.

నీరసంగా ఉన్నావని మాయమాటలు చెప్పి ఆ వారమే అక్క పిల్లను ఆసుపత్రికి లాక్కెళ్లింది, తోడుగా నన్నూ. స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ ముగ్గురినీ లోపలికి పిలిచింది.

“గర్భమేమీ లేదమ్మా. అసలు మీ అమ్మాయికి ఇంతవరకు నెలసరే రాలేదు. పుట్టుకతోనే గర్భసంచి ఏర్పడలేదు. అండాశయాలు రెండూ బాగున్నాయి, హార్మోన్లు సరిగ్గానే వస్తున్నాయి. అందుకే ఎదుగుదలలో మీకు తేడా తెలియలేదు. నెలనెలా అండం కూడా విడుదలవుతుంది, ఆ రోజుల్లో కొందరికి నొప్పి ఉంటుంది. నెత్తురు మాత్రం గర్భసంచి లోపలి పొర ఊడితేనే వచ్చేది. ఆ సంచే లేదు కదా. ఇందులో ఎవరి తప్పూ లేదు.”

అక్క స్కానింగ్ ఫిల్మును వేలితో తట్టి చూసింది.

“మీ మిషన్ మంచిదేనా?” అంది.

“మంచిదేనమ్మా.”

“ఈ మధ్య రిపేరేమైనా వచ్చిందా?”

అడుగుతూనే పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. డాక్టరమ్మ మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. తిట్ల వర్షం కురుస్తుందని నేను భయపడుతూంటే, ఆ పిల్లే తలదించుకుని మొదలుపెట్టింది.

“క్లాసులో అందరికీ వచ్చేసింది. నువ్వేమో రోజూ పొద్దున్నే, వచ్చిందా, నా దగ్గర దాస్తున్నావా అని గుచ్చి గుచ్చి అడిగేదానివి. ఒకరోజు వచ్చిందని చెప్పేశాను. నువ్వు నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చావు. ఇంక నిజం ఎలా చెప్పను? తారీఖు మర్చిపోతే నీకు దొరికిపోతానని ఒకటోది పెట్టుకున్నా. ప్యాకెట్లు స్నేహితులకి ఇచ్చేశా.”

అక్క తిట్టలేదు. కూతురి చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

“ఆ నొప్పి కూడా నటనేనా?”

“ఒకటో తారీఖుదంతా నటనే.”

“అసలు నొప్పే ఎరగవా? డాక్టరమ్మ కొందరికి ఉంటుందంది.”

“వచ్చేది, నెలకోసారి. పొత్తికడుపులో ఒక పక్క. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. దిండు కరుచుకుని పడుకునేదాన్ని.”

“నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదేమే, పిచ్చిపిల్లా?”

“ఎలా చెప్పనమ్మా? అప్పుడు ఒకటో తారీఖు కాదుగా.”