మా ఊరి పేజీని దిద్దినవాళ్లు

అప్పుడు నేను రాజోలి దగ్గర మా ఊరి బడిలోనే పంతులును. ఆదివారాలు గద్వాలకు వెళ్లి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ని. అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో మా ఊరికి ఒక పేజీ ఉండాలని నా కోరిక. తెరమీద తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపిస్తుంటే, సెంటర్ నడిపే భాయ్ ఓపికగా సరిచేసి ఇచ్చాడు.

మూడు వారాలు కూర్చుని రాశాను. నాలుగో వారం చూస్తే పంటల దగ్గర మా బుడ్డలు వేరుశనగలయ్యాయి, మక్కలు మొక్కజొన్నలయ్యాయి. కోస్తావాడినని తన పరిచయంలో రాసుకున్న ఒకాయన, 'మాండలికం తీసి ప్రామాణిక తెలుగు పెట్టాను' అని ఆ పేజీకి ఉండే చర్చా పుటలో రాశాడు. నాకు ఒళ్లు మండింది.

"చూసినవా భాయ్, మన మాట తెలుగే కాదంట!" అన్నాను.

భాయ్ కుర్చీ జరుపుకొని పేజీ మొత్తం చదివాడు. "నిజమే సార్. గని ఒక్కటడుగుత, ఏమనుకోకున్రి. తేరు రాసిన్రు, జాతర రాసిన్రు. పీర్ల పండుగేది? మా అమ్మ పుట్టింది మీ ఊర్లనే. గిది చదివితే మావోళ్లు ఆడ లేనట్టే ఉంది."

చిన్నప్పుడు పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ ఎగిరినవాణ్ని. కావాలని వదల్లేదు, అసలు తోచనే లేదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

ఆ రోజే వాళ్లింటికి వెళ్లి, ఆయన తల్లి చెప్పిందంతా రాసుకొచ్చి పేజీలో చేర్చాను. కోస్తా ఆయన వెంటనే 'ఆధారం ఏది?' అని అడిగాడు. 'మా ఊరి సంగతి పుస్తకాల్లో ఎవరు రాశారండీ? చెప్పే మనుషులున్నారు' అని కోపంగానే జవాబిచ్చాను.

రెండు వారాల తర్వాత చూస్తే, ఆయనే తన ఊరి గ్రంథాలయంలో పాత పుస్తకాలు తిరగేసి, మా వైపు పీర్ల పండుగ మీద ఒక పేరా పట్టుకుని, పుట సంఖ్యతో సహా చేర్చాడు. బుడ్డలూ మక్కలూ తిరిగొచ్చాయి. 'మీ మాటలు తీసేయడం నా తప్పు' అని రాశాడు.

భాయ్ ఆ పేజీ ప్రింటు తీసి, నన్ను ఇంటికి తీసుకెళ్లి, నా ముందే తల్లికి చదివి వినిపించాడు. ఆమె నావైపు తిరిగి, "గిది తప్పు బిడ్డా. పీర్లను మేమెత్తుతమని రాసినవ్. మేమొక్కలమేనా? మీ రైతులు ఎత్తరా? గది గూడ రాయి," అంది.

సెంటర్‌కు తిరిగి వెళ్లి ఆ వాక్యం మార్చాను. పేజీ మొదలుపెట్టింది నేనే అయినా, మా ఊరిని నాకు పూర్తిగా చూపించింది ఆ ముగ్గురు. కోస్తా ఆయన ముఖం ఇప్పటికీ చూడలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకుంటుంటాను.