రెండు వందల ఏడో వ్యాసం

ఆ మేనేజ్‌మెంట్ కాలేజీలో ఆమెను అందరూ నాలుగు ముక్కలమ్మ అనేవారు. ఎగతాళిగా మొదలైన పేరే గానీ ఆమెకెప్పుడూ కోపం రాలేదు. ఎంత పొడుగు పరిశోధన వ్యాసమైనా చదివి నాలుగు వాక్యాల్లో పెట్టడమే ఆమె ఉద్యోగం. పరిశోధకులు ఏం అడిగారు, ఎవరిని అడిగారు, ఏం తేలింది, తేలినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు. మొదటి మూడూ ఎవరైనా రాస్తారు. నాలుగోది వ్యాసం చివరిదాకా చదివినవాళ్లే రాయగలరు.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అమ్మా?" అని లెక్చరర్లు ఆటపట్టిస్తే, "మెతుకు పట్టాలన్నా మూత తియ్యాలి కదండీ" అనేది.

లైబ్రరీ వెనక గది ఆమెది. ఒక బల్ల, కుంటి కాలి కింద మడతపెట్టిన అట్టముక్క ఉన్న కుర్చీ, గోడ పొడుగునా పత్రికల కట్టలు. తొమ్మిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగమే. ఏడాదికోసారి ఒక కాగితం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది. ఈసారి మాత్రం డైరెక్టరుగారు ఆమెను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడారు. వ్యాపారం, పని, పనివాళ్ల మీద వచ్చిన మూడు వందల పన్నెండు వ్యాసాలకు వ్యాఖ్యలతో సూచిక తయారు చేయాలి. కాలేజీ వార్షికోత్సవానికి పుస్తకంగా రావాలి. "అట్ట మీద నా పేరు కింద మీ పేరు వేయిస్తానమ్మా" అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె ఏడాది పొడుగునా గానుగెద్దులా తిరిగింది.

ఆ ఏడాదిలో ఆమె మంచిచెడ్డలు చూసింది కన్నవాళ్లు కాదు, కట్టుకున్నవాడూ కాదు. మూడంతస్తుల మెట్లు కడిగే పిన్ని. వరసకు ఎవరికీ పిన్ని కాదు గానీ అందరికీ పిన్నే. అరవైకి దగ్గర పడింది, మోకాళ్లు ఎప్పుడో చెప్పిన మాట వినడం మానేశాయి. నేల తడిపినప్పుడు గుమ్మం నుంచి బల్ల దాకా ఒక అడుగు వెడల్పున పొడిగా వదిలేసేది, ఈమె జారిపోకుండా. ఎండ కాగితాల మీద పడుతుంటే కిటికీకి అట్ట అడ్డం పెట్టి వెళ్లేది. చేసినట్టు చెప్పేది కూడా కాదు. ఈమె అడిగితే, "నీ కళ్లు పోతే నా ఆసుపత్రి చీటీలు ఎవరు చదివి పెడతారే?" అని నవ్వేది. దేవుడు మనుషులకు ఇలాంటి వాళ్ల చేతులమీదుగానే కబురంపుతాడని ఆమె నమ్మకం.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా పిన్ని ఆ గది బయటి వరండాలోనే నడుం వాల్చేది. ఆ గంట పడుకుంటేనే రెండో పూట మెట్లు ఎక్కగలిగేది.

పుస్తకం ప్రెస్సుకు వెళ్లాల్సిన వారంలో అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. ఇంట్లో చుక్కల మందు, కాలేజీలో డైరెక్టరుగారి "అయిందామ్మా?" ఇంకా తొమ్మిది వ్యాసాలున్నాయి. ఎనిమిది ఎలాగో ముగించింది. రెండు వందల ఏడోది ఆ కాలేజీలో లేదు. వేరే లైబ్రరీకి రాసి నెలవుతున్నా రాలేదు. చేతిలో ఉన్నది సారాంశం ఒక్కటే, పట్టుమని పది లైన్లు.

"అందరూ ఆ పది లైన్లు చూసే రాస్తారు. నువ్వొక్కదానివి చదవకపోతే పొద్దు పొడవదా?" అన్నాడు భర్త.

దేవుడా, ఈ ఒక్కసారికి, అనుకుంది. దేవుడికి చెప్పి చేస్తే తప్పు కూడా తేలికైపోతుంది మనిషికి. అయిదు గిడ్డంగుల్లో పనివాళ్ల మధ్యాహ్న విశ్రాంతిని గంట నుంచి ఇరవై నిమిషాలకు తగ్గిస్తే పని పదో వంతు పెరిగింది, అని రాసింది. నాలుగో వాక్యం దగ్గర కలం కాసేపు ఆగింది. 'నమ్మదగిన పరిశోధన' అని రాసేసింది.

వార్షికోత్సవంలో పుస్తకం విడుదలైంది. అట్ట మీద డైరెక్టరుగారి పేరు, దాని కింద చీమ తలంత అక్షరాల్లో ఆమె పేరు. భర్త రెండు సార్లు తడిమి చూశాడు. అత్తగారు ఆపరేషన్ అయిన కంటితో చూసి, "కనిపిస్తోందే!" అంది. ఆ ఇంట్లో ఆ పూట అందరూ సంతోషంగానే ఉన్నారు.

నాలుగో రోజు పిన్ని ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"సూపర్‌వైజరు ఇచ్చాడు. మా అందరికీనట. ఏం రాశారో చదువు తల్లీ."

డైరెక్టరుగారి సర్క్యులర్ అది. శుభ్రత సిబ్బందికి మధ్యాహ్న విశ్రాంతి ఇకపై ఇరవై నిమిషాలు. కింద కారణం. ఆ కారణం ఆమె రాసిన వాక్యమే, అక్షరం పొల్లుపోకుండా. చివర్లో 'నమ్మదగిన పరిశోధన'. ఆమె అంతా చదివి వినిపించింది.

"పెద్ద చదువులవాళ్లు అన్నీ చూసే రాసుంటార్లే. మనకేం తెలుసు," అని పిన్ని కాగితం మడిచి రొంటిన దోపుకుంది.

అసలు వ్యాసం మర్నాడు పోస్టులో వచ్చింది. ముప్పై నాలుగు పేజీలు. పని పెరిగింది మొదటి ఆరు వారాలే. మూడో నెలకల్లా మునుపటి కన్నా తగ్గింది. మెట్ల మీద పడి దెబ్బలు తగిలించుకున్నవాళ్లు రెట్టింపయ్యారు. ఇది ఇరవై తొమ్మిదో పేజీలో ఉంది. సారాంశంలో లేదు.

ఆమె ఆ పేజీ తెరిచి పట్టుకునే డైరెక్టరుగారి గదికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగానే చూశారు.

"ఇది మీరు ముందే చదవలేదా?"

"లేదండీ. సారాంశం చూసి రాశాను. తప్పు నాదే."

"పుస్తకంలో తప్పు ఉండకూడదు. సవరణ చీటీ అచ్చు వేయించి అన్ని ప్రతుల్లో అంటించండి. రేపే."

"మరి సర్క్యులరండీ?"

"అది పరిపాలన. దానికీ దీనికీ సంబంధం ఏముంది?"

"అందులో ఉన్నది నా వాక్యమేనండీ."

"సరే, ఆ వాక్యం తీసేద్దాం," అన్నారాయన, అడిగిన వరం ఇచ్చినట్టు.

తీసేశారు కూడా. సాయంత్రానికి కొత్త సర్క్యులర్ వచ్చింది. కారణం లేదు. ఇరవై నిమిషాలు మాత్రం ఉన్నాయి.

ఆమె రెండు రోజులు కూర్చుని రెండు వందల ప్రతుల్లో చీటీలు అంటించింది. పుస్తకం ఇప్పుడు నిజం చెబుతోంది. అది తెరిచేవాళ్లెవరూ మెట్లు కడగరు. మూడో రోజు మధ్యాహ్నం వరండాలోకి వెళ్లి పిన్ని పక్కన చతికిలబడింది.

"పిన్నీ, ఆ కాగితంలో మాట నేను రాసిందే."

"నువ్వా?"

"చదవకుండా రాశాను."

పిన్ని ఆమె ముఖంలోకి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఈమెకు అనిపించింది. "నువ్వు చదువుతావనే కదే, నా చీటీలన్నీ నీ దగ్గరికే తెచ్చాను," అంది చివరికి. ఇరవై నిమిషాలు ఆ మాటతోనే అయిపోయాయి. సూపర్‌వైజరు ఈల వేశాడు. పిన్ని గోడ పట్టుకుని లేచింది.

మర్నాడు ఈమె తన భోజనం గంటలో చెంగు బిగించి, చీపురు, బకెట్ తీసుకుని మూడో అంతస్తు మెట్లకు వెళ్లింది. పై మెట్టు నుంచి నాలుగు మెట్లు కడిగిందో లేదో పిన్ని ఆయాసపడుతూ ఎక్కి వచ్చి చీపురు లాక్కుంది.

"నీకేమైనా మతిపోయిందా?"

"నువ్వు కాసేపు పడుకో పిన్నీ. రోజూ ఈ గంట నేను చేస్తాను."

"చేస్తావు. నా పని నీ చేత అవుతోందని తెలిస్తే, ఇద్దరెందుకని ఇంకో కాగితం రాస్తారు. దానికీ ఏదో ఒక చదువు దొరక్కపోదు. దిగు. కింద నీ బల్ల దగ్గర నీ పని ఉంది. అదన్నా సరిగ్గా చెయ్యి."

ఆమె దిగింది. వెనక పిన్ని అయిదో మెట్టు మీద నీళ్లు పోసి, మోకాలి మీద చెయ్యి ఆన్చి వంగింది.