పార్టీ పేరు లేని వరుస

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే ఖర్చు. ఇంట్లో ఒకరికి గాలి సోకిందనుకుంటే మంత్రం వేసేవాడికి కోడి, కల్లు, కొత్త గుడ్డ ఇచ్చుకోవాలి. రెండు రోజులు కషాయం తాగించి పడుకోబెడితే ఆ గాలి దానంతటదే దిగిపోవడం నా కళ్ళతో చూశాను. సూరత్‌లో మేముండే వడోద్ గల్లీ చివర మూతపడ్డ కార్ఖానా ఒకటి ఉండేది. అందులో ఏదో తిరుగుతుందని మనుషులు చుట్టుదారిన పోయేవారు. నేను మాత్రం ఆ కార్ఖానా ముందు నుంచే నడిచేదాన్ని. దారి తగ్గితే చెప్పులు అరగవు.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి. అక్షరాలు తప్పుపోతే మా మనవరాలు మంజుల దిద్దింది. విషయం మాత్రం దిద్దలేదు. ఆమె కూడా అక్కడే ఉంది కాబట్టి.

తొంభైల చివరి సంవత్సరాలు. సిరిసిల్ల పక్క మా ఊళ్ళో చేతిమగ్గం నడవక నా కొడుకు రాజేశం ఎప్పుడో సూరత్ వచ్చి పవర్‌లూమ్‌లో చేరాడు. నా భర్త పోయాక నేనూ అతని దగ్గరికే వచ్చేశాను. మంజుల రాజేశం పెద్ద కూతురు. కంప్యూటర్ నేర్చుకుని ఖటోదరాలో బట్టకు రంగులద్దే ఒక కార్ఖానా ఆఫీసులో చేరింది. మా వంశంలో కుర్చీలో కూర్చుని సంపాదించిన మొదటి మనిషి ఆమె. ఆ ఏడే రాజేశం చేయి మగ్గంలో పడి వేళ్ళు నలిగాయి. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ కుర్చీ ఒక్కటే ఆధారమైంది.

ఆ ఆఫీసుకు వ్యాపారుల దగ్గర నుంచి తెల్లబట్ట గాంఠులు, అంటే పెద్ద మూటలు వచ్చేవి. ప్రతి మూట వివరం కంప్యూటర్‌లో ఒక పొడుగు వరుసగా ఉండేది. కార్ఖానా యజమాని శేఠ్ కొత్త లెక్కల ప్రోగ్రాం తెప్పించాడు. దానికి వరుసలు అలా ఉంటే పనికిరావట, ముక్కలుగా విడదీయాలట. ఆ పని మంజుల మీద పడింది. నల్లటి తెర మీద ఆజ్ఞలను ఒకదాని కింద ఒకటి రాసి ఒక ఫైల్లో పెడితే కంప్యూటర్ వాటిని వరుసగా చేసుకుంటూ పోతుందట. దాన్ని బ్యాచ్ ఫైల్ అంటారని చెప్పింది.

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే పక్కన కూర్చుని వివరించింది.

“గిది చూడవ్వా. ఇంత పొడుగు వరుస ఉంటది. అండ్ల పార్టీ పేరు, అంటే బట్ట పంపిన వ్యాపారి పేరు, క్వాలిటీ, రంగు, లాట్ నంబరు అన్నీ అంటుకొని ఉంటయి. నడుమ ఒక్కో గీత. గీత దాక ఉన్న ముక్కను కోసి పక్కన రాయాలె. మిగిలినదాన్ని ముందుకు జరిపి మల్ల కొయ్యాలె.”

“ఎప్పటిదాక?”

“ఏం మిగలకుంట అయ్యేదాక.”

“ఏం మిగలకుంటనా? కొస ఇడువవా?”

“అరే, అది మగ్గం కాదవ్వా, కంప్యూటర్!”

“ఏదన్న గానీ. అంత కోసుకున్నంక రేపు దేనికి అతుకుతవే?”

నవ్వి లేచిపోయింది. నేను నవ్వలేదు.

నేత ఇంట్లో పుట్టినవాళ్ళకు కొస అంటే ఏమిటో తెలుసు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు నేసిన బట్ట కోసుకుంటాం కానీ, దువ్వెన లాంటి అచ్చులో దూర్చి ఉన్న పోగులను లాగెయ్యం. జానెడు కొస అందులోనే వదులుతాం. కొత్త పడుగు వచ్చాక వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగును మెలిపెట్టి ఒక్కొక్కటిగా అతుకుతాం. అది ఆడవాళ్ళ పని. నా పెళ్ళయిన నాటి నుంచి నేను చేసిన పని అదే. ఆ కొస తీసేశారంటే ఆ మగ్గం మీద ఇక ఎవరూ నేయరని అర్థం.

నా భర్త పోయినప్పుడు ఆయన మగ్గాన్ని విప్పి అమ్మాల్సి వచ్చింది. అచ్చులోని కొసను నేనే జాగ్రత్తగా కోసి, గుడ్డలో చుట్టి, నా ఇనుప పెట్టె అడుగున పెట్టుకున్నాను. పోగులు పారేసే అలవాటు నాకు లేదు. ఆ మూట ముట్టబోమని ఇంట్లో అందరి దగ్గరా మాట తీసుకున్నాను.

ఇక జరిగింది చెబుతాను.

ఆ వానాకాలం కార్ఖానా గోదాములోకి నీళ్ళు వచ్చాయి. మూటలు పైన పేర్చి ఉండటంతో బట్ట దక్కింది. చలాన్ల కాగితాలు మాత్రం తడిసి ముద్దయిపోయాయి. మూటల మీద లాట్ నంబరు తప్ప ఏమీ లేదు. ఏ మూట ఎవరిదో, దానికి ఏ రంగు వేయాలో చెప్పగలిగినవి కంప్యూటర్‌లోని ఆ వరుసలే.

సరిగ్గా ఆ వారమే మంజుల తన బ్యాచ్ ఫైల్ నడిపింది.

తప్పు చిన్నది. కోసిన ముక్కను ఫైల్లో రాయడానికి బాణం లాంటి గుర్తు పెట్టాలట. రెండు బాణాలు పెడితే ఉన్నదాని కింద కొత్తది చేరుతుంది. ఒకటే పెడితే ఉన్నదంతా తుడిచి కొత్తది రాస్తుంది. మంజుల ఒకటే పెట్టింది. ప్రతి ముక్కా ముందు ముక్కను తుడిచేస్తూ పోయింది. మిగిలినదాన్ని కూడా పాత ఫైల్లోనే అలా తుడిచి రాయడంతో, చివరికి కోయడానికి ఏమీ మిగలలేదు, కోసినదీ మిగలలేదు. పాత వరుసల ఫైలూ, ముక్కల ఫైలూ రెండూ ఉత్తవైపోయాయి.

నకలు ఉండాల్సిన ఫ్లాపీ కూడా అక్కరకు రాలేదు. కొత్త ఫ్లాపీ అడగడం ఎందుకని పాతదాన్నే చెరిపి ఈ ప్రోగ్రాం దాచుకుంది. మా ఇంటి పిల్ల మరి. ఖాళీ సీసా కనపడితే కడిగి దాచే ఇల్లు మాది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున కూడా ఏమీ తినకుండా వెళ్ళింది. శేఠ్ ఊళ్ళో లేడు, మధ్యాహ్నం దాటాక వస్తాడు. రాగానే తన నోటితోనే చెప్పాలని ఆఫీసు పెద్ద గుమాస్తా మెహతాజీ ఆమెకు తేల్చి చెప్పాడు. శేఠ్ ఏం చేస్తాడో ఊహించడానికి చదువు అక్కర్లేదు. అలా వెళ్ళగొట్టిన పిల్లను సూరత్‌లో మరో ఆఫీసు గుమ్మం ఎక్కనివ్వదు.

నేను జొన్నరొట్టె, పప్పు టిఫిన్‌లో పెట్టాను. మూత బిగించే కొక్కెం ఊడిపోయి ఉంది. కట్టడానికి ఇంట్లో తాడు ముక్క దొరకలేదు. చివరికి పెట్టె తీసి ఆ కొసల మూటలోంచి ఒక పోగు లాగి గట్టిగా చుట్టాను. ఎన్నేళ్ళుగానో ముట్టనిది ఆ రోజు ఎందుకు ముట్టానంటే, ఇంకేమీ దొరకలేదు. అంతే.

సగం దూరం నడిచి, సగం దూరం షేరింగ్ ఆటోలో ఖటోదరా చేరాను. ఎండ కాస్తోంది. ఇలాంటివి చీకట్లోనే జరుగుతాయని అంటారు కాబట్టి చెబుతున్నాను. ఆఫీసు కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, ఎదురుగా చాయ్ బండి దగ్గర మనుషులు గోల గోలగా మాట్లాడుకుంటున్నారు.

మంజుల కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. మెహతాజీ వెనక నిలబడ్డాడు. నన్ను చూసి కుర్చీ జరిపి, “బైఠో, మాజీ,” అని కూర్చోమన్నాడు. మంచి మనిషే. కానీ ఆయన చేతిలోనూ ఏమీ లేదు.

“తిను ముందు,” అన్నాను మంజులతో.

“అవ్వా, గిప్పుడు గొంతు దిగదే.”

“గొంతు దిగకపోతే నీళ్ళతోని మింగు. నౌకరి పోతే పోయె, రొట్టె ఎందుకు పాడుచేస్తవ్?”

కోపంగానే అన్నాను.

టిఫిన్ విప్పుతుంటే పోగు పుటుక్కున తెగింది. పారేయబుద్ధి కాలేదు. రెండు కొసలనూ వేళ్ళ మధ్య పట్టుకుని మెలిపెట్టసాగాను. బూడిద లేదు, టిఫిన్ అడుగున అంటిన మసి అద్దుకున్నాను. నా కళ్ళు పోగు మీదే ఉన్నాయి.

అప్పుడు మంజుల మెహతాజీతో, ఎలా జరిగిందో చూపిస్తానని, ఉత్త ఫైలు మీదే ఆ ప్రోగ్రాంను మళ్ళీ నడిపింది. ఫైల్లో ఏమీ లేదు కాబట్టి అది వెంటనే ఆగిపోవాలి.

ఆగలేదు.

మెహతాజీ నోట్లోని సుపారీ నమలడం మానేశాడు. నేను తలెత్తి చూశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కిందికి జారిపోతున్నాయి. మంజుల చేతులు ఒళ్ళో ఉన్నాయి. మీటల మీద లేవు. ఇది నేను గట్టిగా చెప్పగలను.

“బంద్ మత్ కర్నా!” ఆపొద్దని అరిచాడు మెహతాజీ, ఆమె ఏమీ చేయకపోయినా.

మంజుల తర్వాత చెప్పినదాన్ని బట్టి, అవి పోయిన వరుసలే. కానీ ఆమె రాసిన ఆజ్ఞల ప్రకారం పార్టీ పేరు ముందు రావాలి. వచ్చింది లాట్ నంబరు ముందు, తర్వాత రంగు, తర్వాత క్వాలిటీ, అన్నిటికన్నా చివర పేరు. అదీ జాబితాలోని ఆఖరి వరుసతో మొదలై పైకి పోయింది. కొస వైపు నుంచి అతుక్కుంటూ వచ్చినట్టు.

నా వేళ్ళ మధ్య పోగు అతికింది. తెర నిలిచిపోయింది. ఈ రెండూ ఒకేసారి జరిగాయా, ఒకదాని తర్వాత ఒకటా అని ఎవరైనా అడిగితే నేను ప్రమాణం చేయలేను. దగ్గర దగ్గరగా జరిగాయి.

ఫైలు తెరిస్తే అన్నీ ఉన్నాయి. మెహతాజీ కాగితం మీద ప్రింటు తీసుకుని గోదాములోకి పరుగెత్తాడు. మూటల మీది లాట్ నంబర్లతో సరిచూసుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. అన్నీ సరిపోయాయి. ఒక్క వరుస మాత్రం ఎక్కువుంది. దానికి లాట్ నంబరు లేదు. పార్టీ పేరు ఉండాల్సిన చోటు కూడా ఖాళీ.

ఆయన దాన్ని పైకి చదివాడు. “క్వాలిటీ, హాథ్ కీ బునాయీ. రంగ్, ఆధా పీలా, ఆధా హరా, ఏక్ నీలా.” చేతినేత. సగం పసుపు, సగం ఆకుపచ్చ, ఒకటి నీలం. “యే కౌన్ పార్టీ హై, బేటీ? మన దగ్గర అంతా మిల్లు బట్టే కదా?”

ఆ మనిషి తన హిందీలో అన్నదాన్ని ఇలా రాస్తున్నాను. మంజుల తెల్లమొహం వేసి నా వైపు తిరిగింది.

“అవ్వా, గిట్లాంటి బట్ట ఎవలన్న నేస్తరా?”

నేను రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టాను. “తిను,” అన్నాను.

ఎవరూ నేయరు. ఒక్కసారి నేశారు. మా చివరి పడుగుకు నూలు దొరకని రోజుల్లో, మిగిలిపోయిన కండెలన్నీ ఏరి నేనే సరిపెట్టాను. సగం పసుపు వచ్చింది, సగం ఆకుపచ్చ. అంచు దగ్గర ఒక పోగు తక్కువపడితే నీలం వేశాను. “దీన్ని ఎవలు కొంటరే?” అని మా ఆయన నవ్వారు. ఆ బట్ట పూర్తి కాకముందే పోయారు.

శేఠ్ వచ్చేసరికి జాబితా ఆయన బల్ల మీద ఉంది. జరిగింది మంజుల దాచకుండా చెప్పింది. ఆయన వినీ విననట్టు విని, ఇక మీద నకలు ఉంచుకోమని, రెండు కొత్త ఫ్లాపీలు తెప్పించి ఇచ్చాడు. కుర్చీ నిలబడింది.

ఇంటికి వచ్చి పెట్టె తీశాను. కొసల మూట మంజుల ముందు విప్పింది అదే మొదటిసారి. సగం పసుపు, సగం ఆకుపచ్చ, ఒక నీలం. ఆమె చాలాసేపు చూసింది, ముట్టుకోలేదు. రాజేశాన్ని పిలిచి, నీ తండ్రి చివరి పడుగు ఏ రంగో తెలుసా అని అడిగాను. అప్పుడు తాను సూరత్‌లో ఉన్నానని, తెలియదని అన్నాడు. అది నిజమే.

తర్వాత కంప్యూటర్లు బాగుచేసే మనిషిని అడిగింది మంజుల. తుడిచినా అక్షరాలు డిస్కు మీద కొంతకాలం ఉంటాయని, ఒక్కోసారి తిరిగి వస్తాయని అతను చెప్పాడు. సరే, అలాగే అనుకుందాం. అతనే ఆ ప్రోగ్రాంను ఉత్త ఫైలు మీద మళ్ళీ మళ్ళీ నడిపి చూశాడు. ప్రతిసారీ ఆగాల్సిన చోటే ఆగింది. డిస్కు మీద ఎప్పుడూ లేని ఆ అదనపు వరుస ఎలా వచ్చిందని అడిగితే, ఎవరో టైపు చేసి ఉంటారన్నాడు. ఎవరు చేస్తారు? ఆ రంగులు తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే. నాకు ఇంగ్లీషు అక్షరం రాదు.

నన్ను ఎక్కువగా తొలిచేది రంగులు కాదు, పేరు లేని ఆ ఖాళీ చోటు. మా కాలపు ఆడవాళ్ళం భర్త పేరు నోట పలకం. జనాభా లెక్కల వాళ్ళు వచ్చినా పక్కింటామెతో చెప్పించేదాన్ని. ఈ రాతలో కూడా రాయలేదు, చూడండి. ఆ వరుసలోనూ ఆ ఒక్క ముక్కే లేదు.

అదనపు వరుస తీసేయమని మెహతాజీ చెప్పాడు. మంజుల తీసేసింది, కానీ దాని చోటును ఖాళీగా వదిలింది. ఆ తర్వాత ఎన్ని ఆఫీసులు మారినా, ఆమె రాసే ప్రతి దాని చివరా ఒక ఖాళీ వరుస ఉంటుంది. ఎందుకే అని అడిగితే, “కంప్యూటర్‌కు గట్ల అవసరముంటది అవ్వా,” అంటుంది, నా మొహం చూడకుండా.

అవసరమేమో. నాకు కంప్యూటర్ తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ అతికిన పోగును మాత్రం మిగతావాటితో కలిపి మూటలో పెట్టాను. ఆ అతుకు ఇప్పటికీ ఊడలేదు.