జానెడు కొసలు

"ఆ యక్క రాలేదా?"

ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో నా కడుపు ఇంతగా మండించిన మాట ఇంకొకటి లేదు. ఎండలో బస్సు దిగి, భుజాన సంచీతో సందులన్నీ వెతుక్కుంటూ ఒక ఇంటి గడప తొక్కుతాను. లోపలివాళ్లు నన్ను చూసి లేస్తారు. కుర్చీ వేస్తారు. ఆ తర్వాత నా భుజం మీదుగా వాకిలి వైపు చూసి ఆ మాట అడుగుతారు. నన్ను "మేడమ్" అంటారు. నాతో పాటు పనిచేసే ఆమెను "అక్కా" అంటారు.

మాది ఆదోనిలో ఒక చిన్న మానసిక ఆరోగ్య కేంద్రం. ఇంట్లో ఎవరైనా చచ్చిపోతానంటున్నా, తిండి మానేసి గోడకు తిరిగి పడుకున్నా, లేని గొంతులు వినబడి కేకలు వేస్తున్నా, ఇంటివాళ్లు మాకు ఫోను చేస్తారు. మేమే ఇంటికి వెళతాం. కూర్చుని మాట్లాడతాం, ప్రమాదం ఎంతవరకు వచ్చిందో చూస్తాం, ప్రాణం తీసే వస్తువులు దూరంగా పెట్టిస్తాం. అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకొస్తాం. మనసు తిరగబడినప్పుడు ఎవరికి ఫోను చేయాలో, ఎవరి పక్కన కూర్చోవాలో ఒక కాగితం మీద రాసి, వాళ్ల చేత సంతకం చేయించి ఇస్తాం. అలాంటి పిలుపు వస్తే ఇద్దరం కలిసి వెళ్లాలని మా నియమం. ఒకరు మనిషితో మాట్లాడితే ఇంకొకరు ఇంటిని చూడాలి. మామూలుగా మందులు కనుక్కోవడానికైతే ఒక్కరు చాలు.

నేను ఆదోనిదాన్ని. మా నాన్న పత్తి మిల్లులో పని చేసేవాడు. నర్సింగులో పెద్ద చదువు చదివి, పట్నంలో ఈ పనికి ప్రత్యేకంగా శిక్షణ పొంది వచ్చాను. ఆమె ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంటి పిల్ల, నాకంటే పదేళ్లు చిన్నది. చదివింది చిన్న కోర్సు. ఈ పనిలో ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న అడగాలో ఆమెకు నేర్పింది నేనే. నేర్పిన ఆరు నెలలకే జనం నన్ను మరిచిపోయారు.

ఒకసారి చిప్పగిరి దగ్గర ఒక కూలి ఇంటికి వెళ్లాం. ఆ ఇంటామె మూడు రోజులుగా నోరు తెరవలేదు. నేను ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి, నేర్చుకున్నవన్నీ వరుసగా అడిగాను. గోడతో మాట్లాడినా ఒకటే. ఈమె మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. పక్కన ఉన్న శనక్కాయల చేట ముందుకు లాక్కుని వలవడం మొదలుపెట్టింది. సగం చేట అయ్యేసరికి ఆ ఇంటామె కూడా ఒక కాయ తీసుకుంది. ఇంకాసేపటికి మాట్లాడింది, ఏడ్చింది, మాతో ఆసుపత్రికి వచ్చింది. తిరుగు బస్సులో నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకో ఊళ్లో నేనూ చేట ముందుకు లాక్కున్నాను. "మీకెందుకు మేడమ్ ఈ పని" అని వాళ్లు చేట తీసేసి నాకు కూల్‌డ్రింకు తెప్పించారు.

ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో నాకు నవ్వు రాలేదు. ఆమె ఫోను మోగితే నా చెవులు అటే ఉండేవి. ఆమె డబ్బాలో బొరుగుల ఉగ్గాని తెస్తే ఉప్పెక్కువయిందని అనేదాన్ని. అవలేదు. చాలా బాగుండేది.

అలాంటి రోజుల్లోనే ఎమ్మిగనూరు నుంచి ఒక నేతగాడి భార్య ఫోను చేసింది. ఆయనకు నలభై అయిదేళ్లుంటాయి. ఇంట్లో గుంట మగ్గం, కాళ్లు గుంటలోకి దించి నేసేది. నెలల తరబడి నిద్ర లేదు, నేత మీద మనసు లేదు, తను లేకపోతే ఇంటివాళ్లు సుఖపడతారని పదే పదే అంటున్నాడు. ఇద్దరం వెళ్లాం. నా ప్రశ్నలకు ఆయన తల కూడా ఎత్తలేదు. ఈమె మగ్గం పక్కన గొంతుక్కూర్చుని, సగం నేసిన చీర అంచు వేలితో తడిమి, పోగు బిగువు బాగుందని ఏదో అంది. ఆయన తలెత్తాడు. కుడి పక్క వదులైందని జవాబు చెప్పాడు. అక్కణ్ణించి ఇద్దరూ అంచుల గురించీ రంగుల గురించీ మాట్లాడుకున్నారు, ఆ మాటల మధ్యలోనే ఆయన చావు గురించి కూడా చెప్పాడు. నేను కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను.

డాక్టరు మందులు రాశాడు. రెండు నెలలు వారం వారం వెళ్లి ఆయన మాత్రలు లెక్కచూసింది నేను. చేతులు వణుకుతున్నాయంటే డాక్టరుతో చెప్పి మోతాదు తగ్గించింది నేను. ఆయన కాస్త కోలుకుని అన్నం తినడం మొదలుపెట్టాక ఆ వీధిలో అందరూ చెప్పుకున్నది మాత్రం ఆ యక్క చలవ అని.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున్నే ఆయన భార్య ఫోను చేసింది. ఎత్తింది నేను.

"ఆ యక్కను ఒక్కసారి పంపీయండి మేడమ్. ఈయప్ప మూడు దినాల నుంచి నాతో మాట్లాడ్డం లేదు. నాకు బయమైతాంది."

ఆ యక్క పక్క గదిలోనే ఉంది. మందుల అట్టలు సర్దుతూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. నాకు వినబడుతోంది.

"ఆమె హాలహర్వి పోయింది. నేనొస్తాను" అన్నాను.

తర్వాత పక్క గదిలోకి వెళ్లి, ఎమ్మిగనూరులో మామూలుగా చూడవలసిన వాళ్లున్నారు, ఒక్కదాన్నే వెళ్లొస్తానని చెప్పాను. ఒక్క నిమిషంలో రెండు అబద్ధాలు. ఈసారి ఆయన నాతోనే మాట్లాడాలి, ఆ వీధి వీధంతా చూడాలి అన్నది తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

వెళ్లేసరికి ఆయన తల స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. తనే టీ తెచ్చి ఇచ్చాడు. ఆ యక్క రాలేదా అని అడగలేదు. ఆ ఒక్కదానికే నేను సగం పొంగిపోయాను. అడగవలసినవన్నీ అడిగాను. నిద్ర పడుతోందన్నాడు. చావు ఆలోచన వస్తోందా అంటే, "లేదు మేడమ్, ఇప్పుడు మనసు తేలికైంది" అన్నాడు. కాగితం మీద సంతకం చేసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇల్లు కూడా చూశాను, చూడలేదని కాదు. మగ్గం అద్దంలా శుభ్రంగా ఉంది. గుంట ఊడ్చి ఉంది. మనిషి కుదుటపడ్డాడనడానికి గుర్తుగా అది కూడా రాసుకున్నాను. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయింది. నేను ఆమె వైపు తిరగలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు కూర్చోబుద్ధి కాలేదు, అంత సంతోషం. మధ్యాహ్నం కేంద్రంలో ఇద్దరం డబ్బాలు విప్పాం. అప్పటిదాకా ఆగాను గానీ ఇక ఆగలేకపోయాను. నేతగాడి ఇంటికి కూడా వెళ్లానని, ఆయన నాతో ఎంత బాగా మాట్లాడాడో, ఎంత తేటగా ఉన్నాడో చెప్పాను. ఆమె జొన్నరొట్టె తుంచుతూ సంతోషంగానే వింది. తర్వాత మగ్గం మీద ఇప్పుడేం నేస్తున్నాడని అడిగింది.

ఏమీ లేదన్నాను. ఒక్క పోగు కూడా లేకుండా తీసేసి, అచ్చును గుడ్డలో చుట్టి గూట్లో పెట్టుకున్నాడని, అంత శుభ్రమైన మగ్గం నేనెక్కడా చూడలేదని కూడా అన్నాను.

ఆమె రొట్టె ముక్కను డబ్బాలో పెట్టేసింది.

"కొసలు తెంపినాడా అక్కా?"

నాకు అర్థం కాలేదు. ఆమె లేచి చేయి కడుక్కుంటూనే గబగబా చెప్పింది. మగ్గం మీద బట్ట ముగిస్తే నేతగాడు పడుగు పోగుల్ని పూర్తిగా తీయడు. పోగులు దూర్చిన దువ్వెన లాంటి అచ్చులో పాత పోగుల కొసలు అలాగే విడిచిపెడతాడు. కొత్త పడుగు తెచ్చి, వేళ్లకు బూడిద రాసుకుని, ఒక్కో కొత్త పోగును ఒక్కో పాత కొసకు మెలిపెట్టి అతుకుతాడు. ఆ కొసలు పోతే వేల పోగుల్ని మళ్లీ మొదటి నుంచి దూర్చుకోవాలి. రేపు నేయాలనుకున్న మనిషి వాటిని తెంపడు. జ్వరంలో ఉన్నా తెంపడు. ఇంట్లో చావు జరిగినా తెంపడు.

నేను కుదుటపడ్డాడని రాసుకున్నది దాన్ని.

ఆమె ఆయన భార్యకు ఫోను చేసింది. నేను బస్సెక్కిన కాసేపటికే గోనెగండ్లలో ఉన్న తన అక్కను చూసొస్తానని వెళ్లాడంది. ఆ అక్కకు చేస్తే రాలేదంది. ఈమె ఎమ్మిగనూరులో ఉన్న వాళ్ల నాన్నకు ఫోను చేసి, మొదటిసారి చావు మాటతో పాటు ఆయన చెప్పిన కాలవ గట్టు వెంబడి వెతకమని చెప్పింది. కేంద్రం జీపులో మేమిద్దరం బయల్దేరాం. దారంతా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన బతికి ఉండాలని మొక్కుకున్నాను. ఆ మొక్కులో కూడా, నా పేరు చెడకూడదని ఒక మూల ఉంది.

ఆయన బతికే ఉన్నాడు. ఊరి బయట కాలవ గట్టు మీద అదే తెల్ల చొక్కాతో కూర్చుని ఉన్నాడు. జేబులో నేనిచ్చిన కాగితం అంచు కనిపిస్తోంది. ఈమె నాన్న ఆయన పక్కనే కూర్చుని చేయి పట్టుకుని ఉన్నాడు. భార్య కొంచెం దూరంలో నేల మీద కూలబడి ఉంది. ఈమె వెళ్లి ఆయన ముందు మట్టిలో కూర్చుంది.

"కొసలు తెంపినావంట కదన్నా."

ఆయన తల ఊపాడు. "తెంపితినమ్మా."

"నేను దూరుస్తా. నాకొస్తాది. నువ్వు పోగులు అందిస్తే చాలు."

అప్పుడు ఆయన ఏడ్చాడు. నేను జీపు పక్కన నిలబడి చూస్తున్నాను. అబద్ధమెందుకు, నాకు మొదట కలిగింది సంతోషం కాదు. నా కాగితం జేబులో ఉండగా ఆయన నాకు ఫోను చేయలేదు, ఆమె ఒక్క మాటకు లేచి వస్తున్నాడు అన్న మంట. ఆయన బతికినందుకు సంతోషం ఆ తర్వాత వచ్చింది. వచ్చింది, నిజంగానే వచ్చింది.

ఆయన్ని జీపు ఎక్కిస్తుండగా భార్య ఈమె చేయి పట్టుకుంది.

"పొద్దున్నే ఫోను జేస్తినక్కా. నువ్వు హాలహర్వి పోయినావని మేడమ్ సెప్పె."

ఆమె నా వైపు చూసింది. ఒక్కసారే.

"అవునుమా, పోయింటి" అంది.

ఆ తర్వాత కూడా నన్ను ఆమె ఏమీ అనలేదు. డాక్టరుకు చెప్పలేదు. తిట్టి ఉంటే నేను తిరిగి ఏదో ఒకటి అని ఉండేదాన్ని, ఇద్దరం సమానమయ్యేవాళ్లం. ఆ అవకాశం కూడా నాకివ్వలేదని చాలా రోజులు ఆమె మీద కోపంగా ఉన్నాను.

ఆయన కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్లాడు. అచ్చు దూర్చడానికి ఆమెకు మూడు ఆదివారాలు పట్టింది. ఒక ఆదివారం నేనూ వెళ్లాను. ఆయన ఒక పక్క నుంచి పోగు అందిస్తుంటే ఆమె ఇవతల నుంచి సన్నటి కొక్కెంతో లాగుతోంది. నేను కాసేపు ప్రయత్నించి రెండు పోగులు తెంపాను. ఆయన నవ్వి, మేడమ్‌కు టీ పెట్టమని భార్యతో చెప్పాడు. ఇప్పటికీ నేస్తున్నాడు. ఇప్పటికీ నన్ను మేడమ్ అనే అంటాడు.

కొన్నాళ్ల క్రితం కొత్తగా ఈ పనిలోకి వచ్చిన నర్సులకు పాఠాలు చెప్పమని నన్ను పిలిచారు. అప్పటినుంచి ప్రతి తరగతిలోనూ ఈ నేతగాడి కథ చెబుతున్నాను. మనిషి నవ్వును నమ్మకండి, ఇంటిని చూడండి, ఆ ఊరి పని ఏమిటో తెలుసుకోండి అని చెబుతాను. "మగ్గం మీద కొసలు లేకపోవడం చూశాను. చూడగానే నాకు గుండె ఝల్లుమంది" అంటాను. రాసుకుంటున్న వాళ్లు తలెత్తుతారు. వాళ్లు నన్ను చూసే చూపు కోసమే ఆ కథ చెబుతానేమో.

మొన్న ఆదోనిలో తరగతి. కథ సగంలో ఉండగా వెనక బెంచీలో ఆమె కనబడింది. ఆమెను కూడా పిలిచారని నాకెవరూ చెప్పలేదు. నోట్లో మాట ఆగబోయింది గానీ ఆపలేదు. "నేతగాడు మూరెడు కొసలు విడిచిపెడతాడు, అవి లేవని చూశాను" అని చివరిదాకా చెప్పాను. ఆమె అందరితో పాటు వింది.

టీకి బయటికి వచ్చినప్పుడు నా పక్కకు వచ్చి నిలబడింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

"ఒక్కటి తప్పు సెప్పినావక్కా. మూరెడు కాదు. జానెడే ఇడుస్తారు."

"ఇంకేమైనా ఉందా?" అన్నాను.

"లేదక్కా. అంతే" అని టీ గ్లాసు నా చేతికిచ్చింది.

మధ్యాహ్నం ఇంకో గుంపుకు అదే కథ చెప్పాలి. ఆమె మళ్లీ ఆ వెనక బెంచీలోనే కూర్చుంది. నేతగాడు జానెడు కొసలు విడిచిపెడతాడని ఈసారి సరిగ్గా చెప్పాను. అవి లేవని చూసి కనిపెట్టింది మాత్రం నేనేనని చెప్పాను.