పై గదిలో మడమ చప్పుడు

నేను ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తానని రాజమండ్రిలో మా వీధివాళ్లకి ఇప్పటికీ తెలీదు. తెలియకుండా వాయించడానికే ఒక పెట్టె కొనుక్కున్నాను. దాన్ని యాంప్ మోడలర్ అంటారు. చూడ్డానికి పోపులపెట్టె అంత ఉంటుంది. ఒక పక్క గిటారు వైరు, ఇంకో పక్క హెడ్‌ఫోన్స్ గుచ్చుకుంటే చాలు, స్టేజీ మీద పెద్ద స్పీకర్ల ముందు నిలబడి వాయిస్తున్నంత మోత చెవుల్లో వినిపిస్తుంది. లాప్‌టాప్‌కి కూడా కలిపితే రికార్డింగూ అయిపోతుంది. గదిలో ఉన్నవాళ్లకి మాత్రం తీగల మీద గోరు గీసుకున్న చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

అంతకుముందు నా దగ్గర నిజం స్పీకరే ఉండేది. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం దాన్ని కాస్త పెంచానో లేదో, మామయ్యగారు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. కోప్పడ్డం ఆయనకి చేతకాదు.

"బావుందమ్మాయ్. కానీ మిక్సీలో రాళ్లు పడ్డాయేమోనని మీ అత్తయ్య వంటింట్లోకి పరిగెత్తింది" అన్నారు.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. స్పీకరు అటకెక్కింది, పెట్టె ఇంట్లోకి వచ్చింది. ఆ తరవాత నేను చెవులకి తగిలించుకుని తల ఊపుతూ వాయిస్తుంటే ఆయన గుమ్మం దగ్గర ఆగి, నేను హెడ్‌ఫోన్స్ తీసేదాకా చూసి, "ఇవాళ కచేరీ మహాద్భుతంగా ఉంది, ఒక్క ముక్క వినపడలేదు" అని వెళ్లిపోయేవారు.

వాయించేటప్పుడు నాకో అలవాటుంది. కుడి మడమతో నేల మీద తాళం వేస్తాను. చెవులు మూసుకుని ఉంటాను కాబట్టి ఆ చప్పుడు నాకు వినపడదు. సాయంత్రాలు కింద అత్తయ్యగారి సీరియళ్లు హోరెత్తిపోతుంటాయి కాబట్టి ఇంకెవరికీ వినపడేది కాదు. అందుకని దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఈ అలవాటు మామయ్యగారికీ ఉండేది. మధ్యాహ్నం భోజనం కాగానే మేడ మీద తన గదిలోకెళ్లి, పడక కుర్చీలో కూర్చుని పద్యాలు చదువుకునేవారు. ఈమధ్య ఆయాసం వల్ల గొంతు పైకి రావడం లేదు. పెదవులు మాత్రం కదుపుతూ, మడమతో తాళం వేసుకునేవారు. సరిగ్గా ఆ గది కిందే అత్తయ్యగారి మంచం. "ఆ చప్పుడు ఆగిందంటే ఆయన నిద్రపోయారన్నమాటేనే. అప్పుడు నేనూ పడుకుంటాను" అని ఒకసారి నాతో అన్నారు. నేను పగలు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉంటాను కాబట్టి ఆ చప్పుడు సెలవురోజుల్లోనే వినేదాన్ని.

మొన్న వేసవిలో మామయ్యగారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, అలాగే ఒరిగిపోయారు.

ఇల్లంతా మైల. దేవుడి గది తలుపు మూసేశారు. వంటలో పోపు మానేశారు. టీవీ ప్లగ్గు పీకేశారు. మైల తీరేదాకా ఇంట్లో పాటన్నది ఉండకూడదని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అలాంటి ఇళ్లలో పుట్టి పెరిగినదాన్నే నేనూ. మా తాతగారు పోయినప్పుడు మా అమ్మ ఫోన్లో రింగుటోను కూడా తీయించేసింది.

అత్తయ్యగారు ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుని అన్నం మానేశారు. మా ఆయన అక్కగారు, అంటే మా వదినగారు, ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్తే పెదవులు బిగించేసేవారు. అసలే షుగరు మనిషి. ఇంకొక్క పూట చూసి ఆస్పత్రిలో చేర్చేద్దామన్నారు డాక్టరుగారు. కర్మ చేస్తున్న మా ఆయన తల్లి మంచం చుట్టూ తిరుగుతూ, "అమ్మా, నువ్వు కూడానా అమ్మా" అంటుంటే చూడలేకపోయాను.

అదే సమయానికి నాకో పని పీక మీదకి వచ్చింది. నాతో చదువుకున్నావిడ ఒక చిన్న సినిమా తీసింది, కడియం నర్సరీల్లో మొక్కలు అంటుకట్టే ఆడవాళ్ల మీద. అందులో ఒకచోటికి నేను గిటారు వాయించి పంపాలి. మా ఇంట్లో సంగతి చెబితే, "అయ్యో, నువ్వొదిలెయ్యవే, ఇంకెవరిచేతైనా చేయించుకుంటాను" అంది పాపం. ఆ 'ఇంకెవరిచేతైనా' నాకు గిట్టలేదు. నిజం చెప్పొద్దూ, పని ఒక వంక. పరామర్శకి వచ్చినవాళ్ల మధ్య కూర్చుని కూర్చుని నా వేళ్లు కొట్టుకుపోతున్నాయి. ఎవరికీ వినపడనప్పుడు అది పాటెలా అవుతుంది, పాట కానప్పుడు తప్పెలా అవుతుంది అని వాదించుకున్నాను. లెక్చరర్ని కదా, వాదనలకేం కొదవ!

నా గదిలో చుట్టాలు దిగారు. ఖాళీగా ఉన్నది మామయ్యగారి గది ఒక్కటే. అటువైపు ఎవరూ వెళ్లడం లేదు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక గిటారూ పెట్టే లాప్‌టాపూ దుప్పట్లో చుట్టుకుని దొంగలా మెట్లెక్కాను. ఆయన పడక కుర్చీలో కూర్చోడానికి మనసొప్పలేదు. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి తీగ మీటగానే ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో శవం లేచి ఎన్నాళ్లయిందని ఈ సంతోషం అని సిగ్గేసింది కూడా. అయినా ఆపలేదు.

కిందికి దిగేసరికి అత్తయ్యగారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. ఒళ్లో కంచం. మజ్జిగన్నం తింటున్నారు. వదినగారు పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు.

"విన్నావుటే అమ్మాయ్! మీ మామయ్యగారు పైన తాళం వేస్తున్నారే" అన్నారు అత్తయ్యగారు.

"నేనూ విన్నానమ్మా" అన్నారు వదినగారు. "పన్నెండో రోజు అయ్యేదాకా నాన్నగారు ఇల్లు వదలరు కదా."

నేను నా కుడి మడమ కేసి చూసుకున్నాను. ఎవరో పైకెళ్లి చూసొద్దామంటే అత్తయ్యగారు చెయ్యడ్డం పెట్టారు. "వద్దు, వద్దు. చదువుకుంటున్నారు. కదపకండి." అని ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆ ముద్ద చూసి నేను నోరు మూసుకున్నాను. ఆ క్షణాన చెబితే కంచం పక్కన పెట్టేస్తారు. అదొక్కటే తోచింది నాకు.

మర్నాడు కూడా వెళ్లాను. రికార్డింగు సగంలో ఉంది మరి. అత్తయ్యగారి కోసం వెళ్తున్నానని చెప్పుకున్నాను, పని కోసమే వెళ్తున్నానని తెలుసు. ఆవిడ ఆ పూటా తిన్నారు. డాక్టరుగారు నాడి చూసి ఇంక ఆస్పత్రి అక్కర్లేదన్నారు. వచ్చినవాళ్లందరికీ అత్తయ్యగారు ఆ సంగతే చెప్పడం, వాళ్లు చేతులు జోడించి మేడవైపు దణ్ణం పెట్టడం! నేను కాఫీ గ్లాసులు పట్టుకుని వాళ్ల మధ్యనుంచి తల దించుకుని తిరిగేదాన్ని. భూమి చీలి నన్ను మింగేస్తే బావుణ్ణనిపించేది.

పాట పంపించేశాను. బావుందని కబురొచ్చింది. గిటారు దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోసేశాను. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి అత్తయ్యగారు కంచం ముందు పెట్టుకుని సీలింగు కేసి చూస్తుంటే, కాళ్లు వాటంతటవే మెట్లెక్కాయి. గిటారు లేదు, పెట్టె లేదు. ప్లాస్టిక్ కుర్చీలో ఉత్తినే కూర్చుని మడమతో నేలని కొట్టాను. అంతవరకూ జరిగింది పొరపాటు. ఇది మాత్రం మోసం. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు.

పన్నెండో రోజుతో ఆపేద్దామనుకున్నాను. ఆయన వెళ్లిపోయారనుకుని అత్తయ్యగారు సర్దుకుంటారు, నా పాపమూ అక్కడితో చెల్లిపోతుంది అనుకున్నాను. ఎంత తెలివో! కర్మలు అయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు, వదినగారు పాలకొల్లు వాళ్ల ఇంటికి వెళ్లారు. మర్నాడు మధ్యాహ్నం నేను పైకెళ్లలేదు. అత్తయ్యగారు కలిపిన ముద్ద చేత్తో పట్టుకుని, చెవి పైకి పెట్టి కూర్చున్నారు. ముద్ద వేళ్ల మధ్యే ఎండిపోతోంది. నా వెధవ జాలి ఊరుకోదుగా. పైకెళ్లి ఒక పద్యం పట్టేంతసేపు తాళం వేసి దిగొచ్చాను.

ఈసారి ఆవిడ తినడం లేదు. కుమిలి కుమిలి ఏడుస్తున్నారు. ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

"ఇంకా ఇక్కడే ఉన్నారురా నాన్నా. వెళ్లలేకపోతున్నారు. ఏదో లోటు చేశాం మనం" అంటున్నారు మా ఆయనతో.

"పదో రోజు గోదావరి గట్టు మీద పిండం పెడితే కాకి చాలాసేపు ముట్టలేదమ్మా" అన్నారు మా ఆయన. "నీకు చెప్పలేదు. నేనే ఏదో తప్పు చేసుంటాను. నాన్నగారికి నేనెప్పుడూ సరిగ్గా చెయ్యలేదు."

గుండు మీద రెండు చేతులూ పెట్టుకుని నేల మీద చతికిలబడ్డారు. తరవాత లేచి పురోహితుడిగారికి ఫోను చేసి, దోషం పోవాలంటే ఏం చెయ్యాలని అడిగారు. ఆయన తండ్రికి చేసినదాంట్లో ఏ లోటూ లేదు. ఎండలో కాళ్లు బొబ్బలెక్కేలా తిరిగి చేశారు. లోటంతా నా కాలిది. ఆ మనిషికి నా మడమ చప్పుడుతో అంత శిక్ష వేశాను. ఇంక నా వల్ల కాలేదు.

మా ఆయన అలా బయటికి వెళ్లగానే గిటారూ పెట్టే మామయ్యగారి గదిలో పెట్టొచ్చి, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకీ ఆగుతూ వచ్చారు. ఎందుకని అడగలేదు. పడక కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. నోటితో చెప్పే ధైర్యం లేక గిటారు తీసుకుని సినిమాకి పంపిన ముక్కే వాయించడం మొదలుపెట్టాను. నా మడమ దాని పని అది చేసుకుపోయింది.

ఆవిడ ముందు ఆ మోతకి ఉలిక్కిపడ్డారు. తరవాత ఆవిడ చూపు నా వేళ్ల మీద నుంచి కిందికి జారి, నా కాలి మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది. నేను వాయించడం ఆపేశాను.

"నేనేనండి అత్తయ్యగారూ" అన్నాను. "మామయ్యగారు కాదు. నన్ను తిట్టండి, కొట్టండి. మీ అబ్బాయి చేసినదాంట్లో తప్పేమీ లేదు."

హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కొడతారనుకున్నాను. కొడితే బావుణ్ణు.

"వాడికి ఫోను చెయ్యి ముందు" అన్నారు. "పిచ్చి సన్నాసి, పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు."

ఫోను చేసి చెప్పాను. మా ఆయన "సరే" అని పెట్టేశారు. ఆ 'సరే' వెనక ఏముందో నేనింతవరకూ అడగలేదు.

అత్తయ్యగారు పడక కుర్చీ చేతిని నిమురుతూ కూర్చున్నారు. పైకి చూడకుండానే అడిగారు.

"మొదటి రోజు కూడా నువ్వేనా అమ్మాయ్? నేను లేచి కూర్చుని అన్నం తిన్నానే, ఆ రోజు?"

అవునని చెప్పడానికే ఆవిణ్ణి పైకి తీసుకొచ్చాను. అన్నీ చెప్పేసి చేతులు కడుక్కుందామనే. అప్పుడు తలెత్తి నాకేసి చూశారు. ఆ చూపు చూస్తూ 'అవును' అనడమంటే మామయ్యగారిని నా చేత్తో ఇంకోసారి తీసుకుపోవడమే అనిపించింది.

"కాదండి" అన్నాను. "ఆ రోజు నేను పైకి రాలేదు."

ఆవిడ మొహం తేటపడింది. "అదీ! నాకు తెలుసు. ఆయన తాళం నాకు తెలీదుటే? నీదంతా ఉత్త హడావిడి" అని కొంగుతో మొహం తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని లేచారు.

మా ఆయన మళ్లీ మామూలుగా మాట్లాడుతున్నారు. అత్తయ్యగారు వేళకి తింటున్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు. మొన్న వదినగారు పాలకొల్లు నుంచి ఫోను చేస్తే అత్తయ్యగారు మళ్లీ ఆ మొదటి రోజు సంగతి చెప్పారు. "మిగతా రోజులు తనేనని ఒప్పుకున్న పిల్ల, ఆ ఒక్క రోజు గురించి అబద్ధం ఎందుకు చెబుతుందే? కావాలంటే నువ్వే అడుగు" అని ఫోను నా చేతికిచ్చారు.

"అవును వదినగారూ, ఆ రోజు నేను కాదు" అన్నాను.