వదిలేసి వచ్చాడా, దిగబెట్టి వచ్చాడా

రంగుల మిల్లు ఆఫీసులో ఆమె టైపిస్టు. హిందీ పరీక్షలన్నీ ఫస్టు క్లాసులో పాసైంది, ఇంగ్లీషు ఉత్తరం తప్పు లేకుండా కొడుతుంది. అందుకని హిందీ పనివాళ్లు ఎవరు ఆఫీసు మెట్లెక్కినా ఆమెకే కబురొచ్చేది. మేనేజరు సరదాగా పెట్టిన ‘దుబాసమ్మ’ అనే పేరే స్థిరపడిపోయింది. ఆ పిలుపు వింటే ఆమెకు లోలోపల గర్వం.

ఒక మధ్యాహ్నం అద్దకం షెడ్డులో ఒకతను గుండె పట్టుకుని కూలబడ్డాడు. బాయిలరు చూసే హిందీ మనిషి అతన్ని భుజం ఆసరా ఇచ్చి గేటు దాకా నడిపించాడు. బాయిలరు దగ్గర మరో మనిషి లేడు కనుక వెంటనే పరుగున వెనక్కి వచ్చేశాడు. ఆటో వచ్చేలోగా ఆ రోగి గేటు పక్క బెంచీ మీదే పోయాడు.

విచారణకొచ్చిన హెడ్డాఫీసు వాళ్లకి వాంగ్మూలాలు ఇంగ్లీషులో కావాలి. బాయిలరు మనిషి ఆమె బల్ల ముందు నిలబడి, “ఉసే గేట్ పర్ ఛోడ్ ఆయా” అన్నాడు. అంటూ రెండు చేతులూ చాచి, పసిపిల్లను ఎవరికో అందిస్తున్నట్టు చూపించాడు. ఆ సైగ ఆమె చూసింది. ఏదో అడగాలనీ అనిపించింది.

“కానియ్యమ్మా, వాళ్లు అవతల కాచుక్కూర్చున్నారు” అన్నాడు మేనేజరు.

ఛోడ్‌నా అంటే లీవ్. బడిలో వల్లె వేసింది అదే. ‘అతన్ని గేటు దగ్గర వదిలేసి వచ్చేశాను’ అని అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యం కొట్టేసింది. అతను దాని కింద వంకరటింకరగా సంతకం పెట్టాడు. తాను చూసేసరికి రోగి ఒంటరిగా ఉన్నాడని గేటు వాచ్‌మన్ చెప్పాడు. రెండు కాగితాలూ అతికినట్టు సరిపోయాయి. ప్రాణం మీదికొచ్చిన తోటివాణ్ణి గాలికొదిలేశాడని బాయిలరు మనిషిని పనిలోంచి తీసేశారు.

పదకొండేళ్లు గడిచాయి. మిల్లు మానేసి ఆమె ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతోంది. ఆ ఏడు చేతికొచ్చింది హిందీ-ఇంగ్లీషు నిఘంటువు. ప్రతి అర్థానికీ ఒక ఉదాహరణ వాక్యం. ఒక పొద్దున ‘ఛోడ్‌నా’ వచ్చింది. సిగరెట్టు మానేయడం, పావురాన్ని ఎగరేయడం, ఒక పేజీ దాటవేయడం... ఎర్ర కలం చకచకా నడుస్తోంది. ఆరో అర్థం దగ్గర ఆగింది. ‘మై బహన్ కో స్టేషన్ ఛోడ్ ఆయా.’ పక్కనే ఇంగ్లీషులో, చెల్లెల్ని స్టేషన్‌లో డ్రాప్ చేసి వచ్చానని.

చెల్లెల్ని స్టేషన్‌లో ఎవరు వదిలేసి వస్తారు? దిగబెట్టి వస్తారు గానీ!

ఆ రోజంతా ఆమె ఆ పేజీ తిప్పలేకపోయింది. ఇంట్లో చెప్తే భర్త, “నువ్వేమన్నా కావాలని చేశావా?” అన్నాడు.

“కావాలని చెయ్యలేదండీ. అడగాలనిపించి కూడా అడగలేదు. అది నాకు తెలుసుగా.”

బాయిలరు మనిషిని వెతకడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఒక సందులో బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. ఇప్పుడు తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. ఆమె చెప్పిందంతా విని పెట్టె పక్కన పెట్టాడు.

“వాచ్‌మన్ చేతిలో పెట్టే వచ్చానమ్మా. తన ఉద్యోగం కోసం అబద్ధం ఆడాడు. వాడి భయం వాడిది. మీకేం భయం?”

అతను పెట్టె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఒక్క మాట అడిగుంటే సరిపోయేది కదా” అన్నాడు అతను, మరో చొక్కా తీసుకుంటూ.

మిల్లుకు ఉత్తరం రాసింది. పాత ఫైళ్లు లేవని రెండు ముక్కల జవాబొచ్చింది. అతను మాత్రం ఒకటే అడిగాడు: “చనిపోయినతని భార్య మా వీధిలోనే ఉంది. ఆమెకు చెప్పండి. నేను చెప్తే వినదు.”

టైపిస్టు నిఘంటువు పేజీ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. ఆ మాటకున్న అర్థాలు ఒక్కొక్కటే ఉదాహరణలతో చెప్పి, అతను రోగిని వాచ్‌మన్ చేతిలో పెట్టే వచ్చిన సంగతీ, తను కొట్టిన వాక్యం సంగతీ దాచకుండా చెప్పింది.

“ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకుంటాం. ఆ ఇస్త్రీ అతని భార్య బిందె పెడితే నాది తీసేసేదాన్ని. పదకొండేళ్లు!” అంది చనిపోయినతని భార్య. “అయితే ఆయన గేటు దగ్గర ఒక్కడే దిక్కులేకుండా పోలేదన్నమాట. పక్కన మనిషి ఉన్నాడు” అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత లేచి, చెప్పులైనా వేసుకోకుండా ఇస్త్రీ బండి వైపు నడిచింది. టైపిస్టు గుమ్మంలోనే ఉండిపోయింది. “అన్నా” అన్న పిలుపు ఒక్కటే వినబడింది, మిగతా మాటలు అందలేదు. తనను ఎవరైనా తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్నేమో అనుకుంది. ఎవరూ తిట్టలేదు. పేజీ మడిచి సంచిలో పెట్టుకుని బస్టాపు దారి పట్టింది.